శబరి ఏ నదిలో కలుస్తుంది

మొన్న మా పక్కింటి టీచరమ్మాయి ఫోను పట్టుకుని వచ్చింది. తన క్లాసు పిల్లలకి ఇవ్వడానికి ఏదో వర్క్‌షీటు వాళ్ళ గ్రూపులో వచ్చిందట, ఒకసారి చూసిపెట్టండి పిన్నిగారూ అంది. నేను కళ్ళజోడు వెతుక్కుని, షీటు చూడకముందే అడిగాను, ఎవరు తయారుచేశారమ్మా ఇది అని. ఏమోనండీ, ఎవరో పెట్టారు, అందరూ వాడుతున్నారు అంది. మరి నువ్వు పుస్తకం తీసి సరిచూశావా అన్నాను. నవ్వేసింది. వాళ్ళూ టీచర్లేగా పిన్నిగారూ, అంత అనుమానమైతే ఎలాగండీ అంది. అవును, అంత అనుమానమే. పాలు పోసే మనిషి మీద నాకు అనుమానం లేదు, కూరల బండతని తూకం మీద లేదు. పిల్లలకి చెప్పమని ఎవరైనా ఒక కాయితం తయారుచేసి చేతిలో పెడితే మాత్రం నమ్మను. ఎంత గొప్పవాళ్ళు రాసిచ్చినా సరే, పుస్తకం పక్కన పెట్టుకుని లైను లైనూ చూస్తాను. ఈ గుణం పుట్టుకతో వచ్చింది కాదు. రేపల్లెలో మా ఇంట్లో, మా అమ్మ చేతుల మీదుగా వచ్చింది. ఆవిడ బతికుండగా ఈ సంగతి రాయడానికి మనసొప్పలేదు. ఇప్పుడు ఆవిడా లేదు, రాయొద్దని గదిమేవాళ్ళూ లేరు.

మా నాన్న రేపల్లెలో హైస్కూలు మాస్టారు. సోషలు చెప్పేవారు. ఆ కాలంలో క్లాసులో సగంమంది పిల్లలకి పుస్తకాలుండేవి కావు. ఉన్నవాళ్ళకి కూడా దసరా దాటాక వచ్చేవి. అందుకని ఆయన ప్రతి పాఠాన్నీ ఒక్క కాయితం మీదకి కుదించేవారు. పైన చిన్న మ్యాపు, కింద పాఠంలోని సారం, చివర పిల్లలు ఆలోచించి రాయాల్సిన ప్రశ్నలు. దాన్ని మా ఇంట్లో షీటు అనేవాళ్ళం. షీటుకి కాపీలు తియ్యడానికి ప్రెస్సూ లేదు, మిషనూ లేదు. ఒక జెల్లీ పళ్ళెం ఉండేది. జెలటిను, గ్లిసరిను, ఇంత పంచదార కలిపి కాచి, అంచులున్న రేకు పళ్ళెంలో పోసి ఆరబెడితే మెత్తగా గడ్డకట్టేది. ఊదారంగు కాపీయింగ్ సిరాతో ఒక కాయితం మీద రాసి, ఆ కాయితాన్ని జెల్లీ మీద బోర్లించి అరచేత్తో నిమిరి తీస్తే అక్షరాలన్నీ జెల్లీలోకి దిగేవి. ఆ తరవాత తెల్లకాయితాలు ఒక్కొక్కటే వేసి తియ్యడమే. మొదటివి నిండు ఊదారంగులో మెరిసిపోతూ వచ్చేవి, పోనుపోను వెలిసిపోయి చివరికి వెలుతురుకి పెట్టి చూస్తేగాని కనిపించేవి కావు. అప్పుడు మళ్ళీ మొదటినుంచీ ఇంకో అసలు ప్రతి రాయాల్సిందే.

ఆదివారం వచ్చిందంటే మా ఇల్లు ఇల్లులా ఉండేది కాదు. జెల్లీ కాస్తుంటే వడ్రంగి జిగురూ పాకమూ కలిసినట్టు ఒక వాసన వచ్చేది, మధ్యాహ్నం అన్నంలో కూడా ఆ వాసనే తగిలేది. జెలటిను ఎముకల్లోంచి తీస్తారని ఎవరో చెవిలో వేశారు, దాంతో మా నాయనమ్మ దాన్ని వంటింటి గడప తొక్కనివ్వలేదు. మాంసం మానేసిన మనిషి ఆవిడ. పెరట్లో కిరసనాయిలు స్టవ్వు మీద కాచుకోండి, ఆ గరిటె నా గిన్నెల్లో పెడితే మాత్రం ఊరుకోను అనేది. పంచదార కోసం చీమలు బారులు కట్టేవి. పళ్ళెం పెట్టిన ముక్కాలిపీట కాళ్ళ కింద నీళ్ళ చిప్పలు పెట్టడం నా పని. నాన్నది కోడిగీతల రాత, అందుకని అసలు ప్రతి రాయడం అమ్మ వంతు. ఆవిడ చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది గాని, రాస్తే అచ్చేసినట్టుండేది. వంట ముగించి, కొంగు బిగించి, పీట మీద కూర్చుని రాసేది. ఆవిడ వేళ్ళకి ఊదారంగు సోమవారం సాయంత్రం దాకా వదిలేది కాదు. పేరంటానికి వెళితే చేతులు కొంగులో దాచుకునేది.

ఆ షీట్లు మా నాన్న బడికే కాదు, ఇంకో ముగ్గురికి కూడా వెళ్ళేవి. తెనాలి నుంచి కోటేశ్వరరావుగారు, బాపట్ల నుంచి సరోజినీ టీచరుగారు, చుండూరు స్టేషనులో దిగి కాలవగట్టున నడిచి వెళ్ళే ఒక పల్లెలో క్రైస్తవుల మిషను బడి దేవదానం మాస్టారు. రేపల్లె బండిలో వచ్చి, కట్ట తీసుకుని, సాయంత్రం బండిలో వెళ్ళిపోయేవారు. డబ్బు మాట లేదు. మా నాన్న పెట్టిన షరతు ఒకటే. ఈ షీటుతో పాఠం చెప్పినప్పుడు పిల్లలు ఎక్కడ తడబడ్డారో వచ్చే ఆదివారం వచ్చి చెప్పాలి. దాన్ని బట్టి ఆయన మళ్ళీ తిరగరాసేవారు. షీటు మీద పేరు వెయ్యనిచ్చేవారు కాదు. పేరు వేస్తే అది ఒకరి సొత్తయి కూర్చుంటుంది, మిగతావాళ్ళు దిద్దడానికి మొహమాటపడతారు అనేవారు. కట్టకో అసలు ప్రతి కావాలి గనక అమ్మ ఒకే షీటుని నాలుగుసార్లు రాసేది. దేవదానం మాస్టారు మా అమ్మని అక్కయ్యగారూ అని పిలిచేవారు. ఆయనకి కాఫీ ఇచ్చే గ్లాసు వేరే ఉండేది, అరుగు గూట్లో. ఎవరూ చెప్పకుండానే ఆయనే దాన్ని కడిగి మళ్ళీ అక్కడే పెట్టి వెళ్ళేవారు. అప్పుడు అది మా కంటికి వింతగా అనిపించలేదు, ఇప్పుడు రాస్తుంటే చెయ్యి ఆగుతోంది.

అలా సాగిపోతున్న రోజుల్లో మా మామయ్య తెనాలి నుంచి వస్తూ నాకో గైడు తెచ్చాడు. కొత్తగా వచ్చిందట, బజార్లో వేడివేడి పకోడీల్లా పోతోందట. అమ్మ దాన్ని ఊరికే తిప్పుతూ తిప్పుతూ ఒక పేజీ దగ్గర ఆగిపోయింది. మన కాలవ నీళ్ళు తాగేవాళ్ళం, ఆ నీళ్ళు ఎక్కణ్ణించి వస్తున్నాయో తెలుసుకోకపోతే ఎలా అని ఉంది అందులో. అది మా నాన్న మాట. అలా రాసేవాడు ఈ జిల్లాలో ఇంకొకడు లేడు. పేజీలు తిప్పినకొద్దీ మా షీట్లే. ప్రశ్నలు కూడా మావే, వరస కూడా మార్చలేదు. అమ్మ దాన్ని తీసుకెళ్ళి నాన్న ముందు పెట్టింది. చేతులకి రంగు పూసుకున్నది మనం, అచ్చేసి అమ్ముకుంటున్నది ఇంకొకడూనా అంది. నాన్న పేపరు మడిచి, పోన్లేద్దూ, పిల్లలకి చేరుతోందిగా అన్నారు. అసలు ఆ నిదానమే అనుమానించాల్సింది. మేం ఆయన్ని అనుమానించలేదు, బయటివాళ్ళ మీద పడ్డాం.

ఇక అక్కణ్ణించి మా ఇంట్లో ఆదివారాలు వేరుగా నడిచాయి. కోటేశ్వరరావుగారుండేది తెనాలి, అక్కడ సందుకో ప్రెస్సు, ఆయన బావమరిది ఎక్కడో కంపోజింగు చేస్తాడని విన్నట్టు గుర్తు, కాబట్టి ఆయనే అని ఒక వారం. సరోజినీ టీచరుగారు ఎప్పుడొచ్చినా అమ్మ చేతిరాతని తెగ మెచ్చుకుంటారు, అంత మెచ్చుకోవాల్సిన అవసరం ఏంటి, కాబట్టి ఆవిడే అని ఇంకో వారం. దేవదానం మాస్టారు అందరికంటే ఎక్కువ కాపీలు పట్టుకెళతారు, ఎదురు ఒక్క మాట మాట్లాడరు, ఆ మాట్లాడకపోవడమే అనుమానం. మా నాయనమ్మయితే తిన్నగా ఆయన పేరే చెప్పేది. కారణం ఏమీ చెప్పేది కాదు. మా ఇళ్ళల్లో ఆ కారణం చెప్పక్కర్లేదు. అమ్మ కాఫీలిచ్చి తలుపు వెనక నిలబడి, ఎవరు కట్టని ఎలా పట్టుకున్నారు, సంచీలో ఎలా పెట్టుకున్నారు అని చూసేది. వాళ్ళు వెళ్ళాక నాకు చెప్పేది. నేనూ తక్కువ తినలేదు, ఇంకో రెండు కలిపి చెప్పేదాన్ని.

ఆ ఏడు నాన్న నదుల పాఠాన్ని పూర్తిగా కొత్తగా రాశారు. ఏ ఉపనది ఎందులో కలుస్తుందో పిల్లలకి ఎంత చెప్పినా తికమకగానే ఉంటోందని ఏకంగా కొత్త మ్యాపు గీశారు. అప్పుడు అమ్మ ఒక పని చేసింది. నాలుగు అసలు ప్రతులు రాసేది తనే కదా. నాన్న బడికి వెళ్ళే ప్రతి ఉన్నదున్నట్టు రాసింది. కోటేశ్వరరావుగారి ప్రతిలో మూసీని పట్టుకెళ్ళి గోదావరిలో కలిపింది. సరోజినీ టీచరుగారి ప్రతిలో మంజీరని కృష్ణలో కలిపింది. దేవదానం మాస్టారి ప్రతిలో శబరిని కృష్ణలో కలిపింది. ఏ తప్పు గైడులో అచ్చయితే ఆ తప్పు పట్టుకెళ్ళినవాళ్ళే దొంగ. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నాకు కూడా తరవాతెప్పుడో చెప్పింది. చెప్పినప్పుడు కూడా ఆవిడ గొంతులో, అబ్బ ఎంత బాగా తట్టిందో అన్న మురిపెం ఇంకా కాస్త మిగిలే ఉంది. పిల్లల మాటేంటమ్మా అన్నాను. టీచర్లు కదే, చెప్పేముందు పుస్తకం చూసుకోరా అంది.

అర్ధసంవత్సర పరీక్షల ముందు గైడు కొత్తగా అచ్చయి వచ్చింది. అమ్మ మామయ్య చేత తెప్పించుకుని నదుల పాఠం తీసింది. కొత్త మ్యాపు ఉంది, నాన్న మాటలున్నాయి. మూసీ కృష్ణలోనే ఉంది, మంజీరా శబరీ గోదావరిలోనే ఉన్నాయి. ఒక్క తప్పు లేదు. అమ్మ ఆ పేజీని ఎంతసేపు చూసిందో, పొయ్యి మీద పప్పు అడుగంటి వాసన వచ్చినా లేవలేదు. తప్పుల్లేని షీటు ఎవరికీ ఇవ్వలేదు. అది మా ఇంట్లో ఉంది, నాన్న బడిలో ఉంది. ఆ రోజు నుంచి అమ్మ అనుమానం గుమ్మం బయట నుంచి లోపలికి వచ్చి కూర్చుంది. నాన్న చొక్కా ఉతికేముందు జేబులు తిరగేసేది. తెనాలి ఎందుకెళ్ళారు, ఏ హోటల్లో టిఫిన్ తిన్నారు, పక్కన ఎవరున్నారు అని మామూలుగా అడుగుతున్నట్టు అడిగేది. ఆయన చెప్పింది విని నా వంక చూసేది. డబ్బు తీసుకుని ఉంటారు, తీసుకుంటే అది ఎటు పోతోంది, ఎవరికి పోతోంది అని ఆవిడ మనసు ఎక్కడెక్కడికో వెళ్ళింది. సరోజినీ టీచరుగారి పేరు మళ్ళీ పైకొచ్చింది, ఈసారి ఇంకో రకంగా. నేను పూర్తిగా అమ్మ పక్షం. నాన్న నవ్వితే ఎందుకు నవ్వారని, నవ్వకపోతే ఎందుకు నవ్వలేదని చూసేదాన్ని.

ఆ సమయంలో, ఆదివారం కాని ఒక రోజు, దేవదానం మాస్టారు వచ్చారు. మొహం పీక్కుపోయి ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు. సంచీలోంచి షీటు తీసి నాన్న చేతికిచ్చి, "ఇందులో చిన్న పొరపాటు దొర్లిందండి మాస్టారూ. ఇంకా ఎవరికైనా వెళ్ళకముందే చెబుదామని వచ్చాను" అన్నారు. తరవాత నెమ్మది మీద మొత్తం చెప్పుకొచ్చారు. బడికి ఇన్‌స్పెక్టరుగారు వచ్చారు. దేవదానం మాస్టారిదింకా టెంపరరీ ఉద్యోగం, పర్మనెంటు చెయ్యడమా మానడమా అన్నది ఆ రోజు రిపోర్టు మీదే ఉంది. పిల్లలు బాగానే చెబుతున్నారు. శబరి ఏ నదిలో కలుస్తుంది అని ఇన్‌స్పెక్టరుగారు అడిగారు. క్లాసంతా లేచి ఒక్క గొంతుతో కృష్ణలో అండీ అన్నారు. ఎవరు చెప్పారని అడిగితే అందరూ మాస్టారి వైపు చూపించారు. ఇన్‌స్పెక్టరుగారు బల్ల మీది పుస్తకం ఆయన చేతే తెరిపించి, పిల్లల ముందు ఆయన చేతే ఆ లైను చదివించారట. "మీ షీటు కదా అని పుస్తకం తీసి చూడలేదండి" అన్నారు దేవదానం మాస్టారు. నిష్ఠూరంగా అనలేదు. జరిగింది చెప్పారంతే.

నాన్న లోపలికి వెళ్ళి తన చిత్తుప్రతి తెచ్చారు. అందులో శబరి గోదావరిలోనే ఉంది. రెండు కాయితాలూ పక్కపక్కన పెట్టి చూసి, రాసేటప్పుడు చెయ్యి తప్పి ఉంటుంది అంటూ గుమ్మంలో నిలబడ్డ అమ్మ వైపు తిరిగారు. అవునని ఒక్క మాట అంటే అయిపోయేది. నాలుగుసార్లు రాసే మనిషికి ఒకసారి చెయ్యి తప్పదా, ఎవరూ ఏమీ అనేవారు కాదు. నేనయితే అమ్మ అలాగే అంటుందనుకున్నాను.

"పొరపాటు కాదు మాస్టారూ," అంది అమ్మ. "కావాలనే రాశాను."

ఎందుకో కూడా చెప్పింది. గైడు సంగతి, ముగ్గురికీ మూడు తప్పులు పెట్టిన సంగతి, ఏదీ దాచకుండా చెప్పింది. దేవదానం మాస్టారు వింటూ నిలబడ్డారు. విన్నాక, "నేను అమ్ముకుంటున్నాననుకున్నారా అక్కయ్యగారూ?" అని అడిగారు. ముగ్గురి గురించీ అలాగే అనుకున్నానని అమ్మ చెప్పింది. అది నిజమే గాని, అలా చెప్పినందువల్ల ఆయనకి ఒరిగిందేమీ లేదు. అప్పుడు మా నాన్న, తల ఎత్తకుండా, "గైడు వాళ్ళకి ఇచ్చింది నేనే" అన్నారు.

వాళ్ళలో ఒకతను ఈయన దగ్గర చదువుకున్న కుర్రాడట. వచ్చి అడిగితే చిత్తుప్రతులు ఇచ్చేశారు. పైసా పుచ్చుకోలేదు. మన షీటు రైలు వెళ్ళినంత దూరమే వెళుతుంది, గైడు ప్రతి కొట్టుకీ వెళుతుంది కదా అన్నారు. మరి నాకెందుకు చెప్పలేదని అమ్మ అడిగింది. చెబితే నువ్వు ఊరుకుంటావా అన్నారాయన. ఊరుకోను, ఎందుకూరుకోవాలి, గైడు కొనలేని పిల్లల కోసం కాదూ ఇన్నేళ్ళు ఈ జెల్లీ కాచింది అని అమ్మ గొంతు పెంచింది. వాళ్ళిద్దరూ మా ఎదుట అలా పోట్లాడుకోవడం నేనెన్నడూ చూడలేదు. ఆ గొడవలో దేవదానం మాస్టారు షీటు మడిచి జేబులో పెట్టుకుని మెట్లు దిగిపోయారు. నాన్న చెప్పులైనా సరిగ్గా వేసుకోకుండా ఆయన వెనకాల స్టేషను దాకా పరిగెత్తారు.

మర్నాడు నాన్న సెలవు పెట్టి బాపట్లలో ఇన్‌స్పెక్టరుగారి దగ్గరికి వెళ్ళారు. తప్పు మా ఇంట్లో రాసిందని, ఆ మాస్టారి పొరపాటేమీ లేదని చెప్పుకున్నారు. ఎవరు రాసిచ్చినా పిల్లలకి చెప్పినవాడే జవాబుదారీ, పుస్తకం ఎదురుగా పెట్టుకుని చూడలేదంటే ఎలాగండీ అన్నారట ఆయన. న్యాయంగా చూస్తే అది కూడా నిజమే. దేవదానం మాస్టారి ఉద్యోగం పోలేదు గాని పర్మనెంటు ఆగిపోయింది. నేను చదువు పూర్తయి ఉద్యోగంలో చేరిన తరవాత కూడా ఆయన టెంపరరీగానే ఉన్నారు. మిగతా ఇద్దరి సంగతీ ఆ తరవాత బయటపడింది. కోటేశ్వరరావుగారు అసలు ఆ షీటు కట్ట విప్పనేలేదు. సరోజినీ టీచరుగారు మంజీర తప్పు చూసి, అమ్మ నొచ్చుకుంటుందని ఎవరికీ చెప్పకుండా ప్రతి కాపీలోనూ తనే దిద్దుకున్నారు. మమ్మల్ని కళ్ళు మూసుకుని నమ్మిన మనిషి ఒక్కరే. ఆయన తరవాత కూడా ఆదివారాలు వచ్చేవారు, మానలేదు. కాకపోతే చంకలో పుస్తకం ఉండేది. అరుగు మీద కూర్చుని, షీటులో ప్రతి లైనూ పుస్తకంతో సరిచూసుకుని అప్పుడు కట్ట కట్టుకునేవారు. అమ్మ మా గ్లాసుల్లో ఒకదాంట్లో కాఫీ పోసి ఇవ్వబోతే, కాఫీ మానేశానండి అన్నారు.

ఇప్పుడు నదుల పాఠాలు, మ్యాపులు, ప్రశ్నలు ఒక్క వేలు ఆనిస్తే వేలమంది టీచర్లకి చేరిపోతున్నాయి. మా నాన్న చూస్తే ఎంత సంబరపడేవారో. పైసా ఖర్చులేదు, చీమల బాధ లేదు, ఎవరి చేతులకీ రంగు అంటదు. పేరు కూడా ఉండదు, అచ్చం ఆయన కోరుకున్నట్టే. కానీ అప్పట్లో ఆ పేరులేని కాయితాలు తిరిగే దారిలో మా నాన్నకి మూడు మొహాలు తెలుసు, ఆ మూడు మొహాలకీ మా ఇల్లు తెలుసు. తప్పు కనిపిస్తే ఆ ఇంటికి రావడానికి రేపల్లె బండి ఉండేది. ఇప్పుడు తప్పు రాసిన మనిషి దగ్గరికి ఏ బండీ వెళ్ళదు. అప్పుడు అంతా మంచివాళ్ళే ఉండేవారని నేను అనను. మా ఇంట్లో జరిగింది చెప్పాక అనడానికి నోరెలా వస్తుంది?

నాన్న బాపట్ల వెళ్ళొచ్చిన వారంలోనే అమ్మ నన్ను తోడు తీసుకుని ఆ మిషను బడికి వెళ్ళింది. వద్దే, ఆ పల్లెలోకి నువ్వు వెళ్ళడమేంటి అని నాయనమ్మ నానా గోల పెట్టింది. చుండూరులో దిగి కాలవగట్టున నడిచాం. పెంకుటింటి బడి, ఆదివారం అదే చర్చి. దేవదానం మాస్టారు మమ్మల్ని చూసి కుర్చీలోంచి లేచారు గాని, ఎందుకొచ్చారని అడగలేదు. అమ్మ పిల్లల ముందు నిలబడింది. అన్నాళ్ళూ అందరి కళ్ళబడకుండా కొంగులో దాచుకున్న చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బల్ల మీద ఆనించింది. "శబరి గోదావరిలో కలుస్తుంది. మీ షీటులో తప్పు రాసింది నేను. మీ మాస్టారు కాదు" అంది. పిల్లలు అలవాటు కొద్దీ ఒక్క గొంతుతో గోదావరి అన్నారు. అంతటితో అయిపోయిందనుకుని అమ్మ నా వైపు తిరిగింది.

చివరి వరసలో ఒక ఆడపిల్ల లేచి నిలబడింది. "మరి మిగతా నదులన్నీ నిజమేనా అండీ?" అని అడిగింది.

అమ్మ దేవదానం మాస్టారి వైపు చూసింది. ఆయన బల్ల మీది పుస్తకం తీసి ఆవిడ చేతిలో పెట్టారు. అమ్మ కుర్చీలో కూర్చుని పుస్తకం తెరిచింది. షీటు తీసి మొదటి లైను చదువమ్మా అని ఆ పిల్లతో అంది. ఆ పిల్ల షీటులోంచి ఒక లైను చదువుతోంది, అమ్మ పుస్తకంలో వేలు పెట్టి ఆ లైను వెతికి, ఉంది అంటోంది. అలా కృష్ణ అయింది, గోదావరి అయింది, పెన్నా అయింది. మేం ఎక్కాల్సిన బండి కూత వినిపించి, వెళ్ళిపోయింది కూడా. మధ్యలో అమ్మ రెండుసార్లు, కూర్చుని చదువమ్మా అంది. ఆ పిల్ల కూర్చోలేదు. ఆఖరి లైను దగ్గర అమ్మ ఉంది అన్నాక, ఆ లైను తనకి కూడా చూపించమని పుస్తకం అడిగి తీసుకుని, చూసుకుని, అప్పుడు కూర్చుంది.